ఉద్యానవనమున రెండు రాత్రులు
(వార్షిక మహాసభ, విద్యార్థి గోష్ఠియందు చేసిన ఉపన్యాసము)



విదేశవిద్యను గూర్చి నాలుగు మాటలు చెప్పవలసినదని కార్యదర్శిగారు మమ్ము ఆజ్ఞాపించిరి. మేము వక్తలము గాము. మన సంఘ విద్యానిధివలన సముద్రములు దాటి చదివి తిరిగివచ్చినవారిలో ఒకరము మాత్రమే. కావున ఈ వేదికపై నిలిచి మాటలాడుట మాకు ఋణము తీర్చుకొనుటవంటిది. ఐనను లండన్ నగర వైభవమును, అచ్చటి విశ్వవిద్యాలయముల ఘనతను వర్ణించుటకు మేము పూనుకొనము. ఆ వర్ణనలన్నియు నేడు ప్రతివారి చేతి ఫోనునందే కలవు. మా ఏడాది చదువులో రెండు రాత్రులను, మూడు పగళ్లను మాత్రము గైకొని, ఆ స్వల్పకాలమున మేము నేర్చిన యొక పాఠమును మీ ముందుంచెదము. ఆ పాఠము మాకు సిగ్గు కలిగించినది. మన సంఘమునకు కొంత పని కల్పించునది. పెద్దలు ఓర్పుతో ఆలకింతురు గాక.

ముందుగా అచ్చటి విద్యార్థి జీవనమును క్లుప్తముగ విన్నవించెదము. ఇంగ్లండున ఎం.ఎస్‌సి. వంటి పట్టములు పెక్కు ఒక్క సంవత్సరముననే ముగియును. విదేశీయులు చెల్లించు రుసుము స్వదేశీయుల రుసుముకంటె ఎంతో హెచ్చు. తరగతులు జరుగు కాలమున వారమునకు 20 గంటలకు మించి కూలిపని చేయరాదని వీసా నిబంధన. ఆ 20 గంటలలో అధికభాగము శని, ఆదివారములందే దొరకును. ఇచ్చట తండ్రి పొలము తాకట్టులో నున్నది, బ్యాంకు వడ్డీ పెరుగుచున్నది అను తలంపుతో విద్యార్థి ఆ రెండు దినములను చదువునకు గాని, విశ్రాంతికి గాని విడువజాలడు. ఇంటికి ఫోను చేసినపుడు మాత్రము "సుఖముగ నున్నాము" అని చెప్పును. తల్లిదండ్రులును "మంచిది" అందురు. ఇరువురికిని నిజము తెలియును.

మేము 2018 సెప్టెంబరు మాసాంతమున అచ్చటికి చేరితిమి. తూర్పు లండన్‌లోని ఈస్ట్ హామ్ అను పేటలో మనవారే నలుగురు యువకులము ఒక యింట చేరితిమి. ఆ పేటలో మురుగన్ కోవెల కలదు, మహాలక్ష్మి కోవెల కలదు; ఇడ్లీ, దోసె, గోంగూర పచ్చడి అన్నియు దొరకును. పరదేశమునకు వచ్చితిమను భావమే కలుగదు. ఆ యిల్లు మనవారినుండి మనవారికే చేతులు మారుచు వచ్చుచుండెను. పట్టము ముగించి పోవువాడు తన గదిని క్రొత్తగ వచ్చు మనవానికి అప్పగించును. ఫోనులోని మా గుంపునందు ప్రకటన వ్రాయునపుడు "మనవారికి మాత్రమే" అని వ్రాయుట మాకు అలవాటు. అందులో తప్పున్నదని మాకు ఎన్నడును తోచలేదు. దిక్కులేని చోట తనవారు తనవారిని ఆదుకొనుట ధర్మమే గదా యని యెంచితిమి. ఆ ఆదరణను మేమును పొందితిమి. దాని విలువను ఇప్పటికిని మేము తక్కువ చేసి చెప్పము. విమానము దిగిన తొలిరాత్రి వేడి అన్నము, పప్పుచారు పెట్టిన చేయి ఎవరిదైనను అది తల్లి చేయియే.

2019 ఫిబ్రవరిలో మా శాఖవారినుండి ఒక లేఖ వచ్చినది. శాఖలోని విద్యార్థులు ముప్పదిమంది, ఉపాధ్యాయులు నలుగురు, శుక్రవారము మధ్యాహ్నము మొదలు ఆదివారము మధ్యాహ్నమువరకు విండ్సర్ గ్రేట్ పార్కులోని కంబర్లండ్ లాడ్జి అను భవనమున కలసి వసింతురనియు, భోజన వసతి వ్యయమును శాఖయే భరించుననియు అందున్నది. పరీక్ష లేదు, మార్కులు లేవు, హాజరుపట్టిక లేదు. మాకు మొదట తోచినది లెక్క మాత్రమే. గంటకు 7 పౌండ్లకు పైచిలుకు కూలి. రెండు దినములు పోయిన 16 గంటల కూలి పోవును. నాటి మారకమున అది పదివేల రూపాయలకు మించిన సొమ్ము. మా యింటివారు నవ్విరి. "అడవిలో కూర్చుండి మాటలాడుటకు ఇంత సొమ్ము వదలుకొందువా?" అనిరి. మా ఉపాధ్యాయిని యొకరు నేరుగ పిలిచి అడుగుటచేత కాదనలేక పోయితిమి. మేము జ్ఞానతృష్ణతో పోలేదు, మొగమాటముచే పోతిమి. ఈ మాట దాచనక్కరలేదు.

లండన్‌నుండి బస్సులో గంటన్నర ప్రయాణము. విండ్సర్ గ్రేట్ పార్కు సుమారు 5,000 ఎకరముల రాజోద్యానము. ఫిబ్రవరి మాసమగుటచే ఓకు వృక్షములు ఆకులన్నియు రాల్చి నిలిచియుండెను. వానిలో కొన్ని వందల ఏండ్ల నాటివి. బోదెలు గుల్లలై, ఇంకను ప్రాణముతో నుండును. కోటనుండి దక్షిణముగా రెండున్నర మైళ్లకు మించిన పొడవున "లాంగ్ వాక్" అను తిన్నని బాట కలదు. దాని చివర గుట్టపై మూడవ జార్జి రాజు గుఱ్ఱమెక్కిన తామ్రవిగ్రహము నిలిచియున్నది. ఆ చుట్టుపట్ల ఎఱ్ఱజింకల మందలు స్వేచ్ఛగ మేయును. వీనిని 1979లో ఆ వనమున మరల ప్రవేశపెట్టిరి.

మేము బసచేసిన భవనమునకును చరిత్ర కలదు. 1649లో మొదటి చార్లెస్ రాజును శిరశ్ఛేదము గావించిన పిమ్మట రాజభూములను అమ్మివేసిరి. అప్పుడు క్రామ్వెల్ సైన్యములోని బైఫీల్డు అను కాప్టెను ఇచ్చటి స్థలమును కొని యిల్లు కట్టెను. 1660లో రాజరికము తిరిగివచ్చుటతో ఆ యిల్లును రాజులదే యయ్యెను. పిదప ఉద్యానవన పాలకులైన దొరలును, రాజకుమారులును అందు కాపురముండిరి. 1936లో ఎనిమిదవ ఎడ్వర్డు సింహాసన త్యాగమునకు ముందు, ప్రధానమంత్రి బాల్డ్విన్‌కును, రాజు ఆంతరంగిక కార్యదర్శికిని నడచిన మంతనములలో కొన్ని ఆ గోడలనడుమనే జరిగెను. అట్టి రాజగృహము విద్యార్థుల బస యగుట ఎట్లు? ఈ కథ యందే మా విషయముయొక్క మూలమున్నది గనుక దీనిని కొంచెము విపులముగ చెప్పెదము.

ఎమీ బుల్లర్ అను నామె 1891లో జన్మించి, బాల్యమును దక్షిణాఫ్రికాలో గడిపి, యువతియై ఇంగ్లండునకు వచ్చినది. విద్యార్థుల క్రైస్తవ ఉద్యమమున పనిచేసినది. లివర్‌పూలులో విద్యార్థినుల వసతిగృహమునకు అధికారిణిగ నున్నది. 1930వ దశకమున ఆమె ఆంగ్ల విద్వాంసులను, మతాచార్యులను వెంటబెట్టుకొని పలుమార్లు జర్మనీకి పోయి, అచ్చటి ఆచార్యులతోను, అధికారులతోను, విద్యార్థులతోను సంభాషించినది. ఇంత చదువుకొన్న జాతి, ఇంత గొప్ప విశ్వవిద్యాలయములు గల జాతి, హిట్లరు వెంట ఎట్లు నడచెను అనునది ఆమెను పీడించిన ప్రశ్న. తాను విన్న సంభాషణలను 1943లో "డార్క్‌నెస్ ఓవర్ జర్మనీ" అను గ్రంథముగ వెలువరించినది. ఆమె కనుగొన్న దానిని మా మాటలలో చెప్పవలెనన్న ఇది: ఆ విశ్వవిద్యాలయములు విద్యార్థులకు వృత్తిని నేర్పెను గాని, జీవితమెందులకు అను ప్రశ్నను వారితో కలసి కూర్చుండి చర్చించువారు లేకపోయిరి. ఉద్యోగము లేదు, ఆశ లేదు; హృదయమున నొక శూన్యము. ఆ శూన్యమును "మన రక్తము, మన జాతి, మనవారు" అను కేక నింపివేసెను.

ఈ గ్రంథము నాటి ఎలిజబెత్ రాణి దృష్టికి వచ్చినది. 1947లో ఆఱవ జార్జి రాజు ఆ భవనమును ఎమీ బుల్లర్ సంకల్పించిన సంస్థకు ఒప్పగించెను. ఏ శాస్త్రము చదువు విద్యార్థియైనను వారాంతమున అచ్చటికి వచ్చి, తన శాస్త్రపు గోడ దాటి, ఇతర దేశముల, ఇతర మతముల వారితో ఒక బల్లవద్ద భుజించి, ఒక కప్పుక్రింద నిద్రించి, సందేహములను నిర్భయముగ పలుకుటకు అది తావైనది. ఆమె 1964వరకు అచ్చటనే పనిచేసి, 1974లో పరమపదించినది. ఆమె నాటిన విత్తనము పెరిగి నీడనిచ్చు కాలమున మేము పోతిమి.

ఇట్టి కూడిక మనకు క్రొత్త గాదు. మన పెద్దలు కార్తికమాసమున ఊరు విడిచి తోటలకు పోయి, ఉసిరిచెట్టు నీడను కలసి వండుకొని తినెడివారు. వనభోజనమను పేరులోనే దాని పరమార్థమున్నది: ఇల్లు విడుచుట, నిత్యకృత్యము విడుచుట, పదిమందితో పంక్తి కూర్చుండుట. ఐతే నేడు కార్తికము వచ్చినతోడనే వార్తాపత్రికలలో మనము చూచుచున్నదేమి? ప్రతి కులమునకు ఒక వనభోజనము. తోట యొకటియే కావచ్చును, ఆదివారము ఒకటియే కావచ్చును. పందిళ్లు మాత్రము వేఱు. మన సంఘమును ప్రతియేట ఆ పని చేయుచున్నది. ఆ పందిరిక్రింద మేమును ఎన్నోమార్లు తృప్తిగ భుజించితిమి. ఈ మాటను మనసున నుంచుకొని ముందు కథను వినుడు.

శుక్రవారము సాయంకాలము గదులు పంచిరి. గదికి ఇద్దరు. ఎవరితో ఎవరుండవలెనో ఉపాధ్యాయులు చీట్లు తీసి నిర్ణయించిరి. మాతో వచ్చిన పేరు వినగనే మా గుండె దడదడలాడినది. ఆయన మా ఖమ్మము జిల్లావాడే. మా తరగతివాడే. దళిత కుటుంబమున జన్మించి, అంబేడ్కరుగారి పేరిట నెలకొల్పిన ప్రభుత్వ విదేశీ విద్యానిధి సాయముతో వచ్చినవాడు. అక్టోబరు మొదటి వారమున, తల దాచుకొన చోటులేక యెవరి గదిలోనో నేలపై పరుండుచు, మాకు ఫోను చేసి, "అన్నా, మీ యింట గది ఖాళీ యున్నదని వింటిని, నిజమేనా?" అని యడిగెను. మా యింట ఐదవ గది నిజముగనే ఖాళీ. మేము, "లేదు తమ్ముడూ, నిన్ననే నిండినది" అంటిమి. ఆ తరువాత మనవాడొకడు వచ్చువరకు ఆ గది మూడు వారములు ఖాళీగ నుండెను. దాని అద్దెను మేము నలుగురము పంచుకొని చెల్లించితిమి. పౌను పౌను లెక్కించుకొను మేము, ఆ సొమ్ము పోయినదని నాడు చింతింపలేదు! నాటినుండి తరగతిలో ఆయనను చూచినపుడు తల ఊపుటయే గాని, దగ్గర కూర్చుండుట లేదు.

ఆ రాత్రి ఆయన ఆ ప్రస్తావనయే తేలేదు. "మీది మధిర వైపా, అన్నా? మా మేనత్తది ఆ ప్రక్కనే" అని మొదలిడి, ఊరిమాటలు, మిరపతోటల మాటలు చెప్పెను. తన తల్లి ఇచ్చిన కారప్పొడి పొట్లమును సంచినుండి తీసి బల్లపై నుంచి, "ఇచ్చటి వంటలో ఉప్పు కారములుండవు, రేపు పంచుకొందము" అనెను. మేము నవ్వితిమి గాని నిద్రపట్టలేదు.

శనివారము ఉదయము అందరమును వలయముగ కూర్చుంటిమి. ఫోనులను ఒక బుట్టలో వేయించిరి. మా ఉపాధ్యాయిని ఒక ప్రశ్న వేసినది: "మీరు ఎవరి సొమ్ముతో ఇచ్చటికి వచ్చితిరి? ఆ సొమ్ము మిమ్మేమి కోరుచున్నది?" ఒక్కొక్కరును చెప్పవలెను, ఇతరులు ప్రశ్నింపవచ్చును, ఎగతాళి కూడదు. చిలీ దేశీయుడు తన ప్రభుత్వము పంపెననియు, చదువు ముగిసినతోడనే స్వదేశమునకు పోయి పనిచేయవలెనను ఒడంబడిక యున్నదనియు చెప్పెను. ఘానా దేశపు యువతి తన గ్రామమునుండి లండన్‌కు వలసవచ్చినవారు చందాలు పోగుచేసి తన రుసుము కట్టిరని చెప్పి, "వారి ముఖము చూచుటకే భయమగును, ఓడిపోవుటకు నాకు అధికారము లేదు" అని కన్నీరు పెట్టుకొన్నది. ఆంగ్ల విద్యార్థి అప్పు చేసితిననెను. మా గదిమిత్రుడు, "మా రాష్ట్రమున అగ్గిపెట్టె కొన్నవారు మొదలు అందరును కట్టిన పన్ను నన్ను పంపినది. అందుచేత నేనందరికిని బాకీ" అనెను.

మా వంతు వచ్చినది. మేము గర్వముతోనే మన విద్యానిధిని గూర్చి చెప్పితిమి. పేదరైతులును, చిన్న వర్తకులును పెండ్లిండ్లలోను, గృహప్రవేశములలోను తలకొంత తీసియిచ్చిన ద్రవ్యముతో అది పెరిగినదనియు, వడ్డీ లేని ఋణమిచ్చుననియు, ఉద్యోగము వచ్చిన పిదప మెల్లగ తీర్చవచ్చుననియు చెప్పితిమి. అందరును మెచ్చుకొనిరి. అంతట జర్మనీ దేశపు యువతి యొకతె, ఏ దురుద్దేశమును లేక, "ఆ నిధి మీ కులము గాని విద్యార్థికి లభించునా?" అని యడిగినది. లభింపదంటిమి. "ఇతర కులములకును అట్టి నిధులు కలవా?" కలవంటిమి. "అన్నింటికిని కలవా?"

మాకు మాట రాలేదు. మా కన్నులు తమంత తామే గదిమిత్రునివైపు తిరిగెను. ఆయన చిరునవ్వుతో, "మా కులమునకును సంఘము కలదు. నిధియే లేదు" అనెను. అందరును నవ్విరి, ఆయనయు నవ్వెను. ఆ నవ్వులో మేము చేరలేకపోతిమి.

ఆ మధ్యాహ్నము మూడు గంటలు వనమున నడచుటకు విడిచిపెట్టిరి. మేమిద్దరము తామ్రవిగ్రహమున్న గుట్టయెక్కి కోటవైపు చూచుచు నిలిచితిమి. గాలి చెవులు కోయుచుండెను. ఎట్లైనను చెప్పివేయవలెనని, "తమ్ముడూ, అక్టోబరులో నీవడిగిన గది..." అని మొదలిడితిమి. ఆయన చేయెత్తి వారించెను.

"తెలియును అన్నా. ఆ దినములలో నేను మీ వీధి చివరి కూరగాయల అంగడిలో సంచులు మోయుచుంటిని. రాత్రి మీ యింటి ముందునుండియే పోవుదును. మీ ఐదవ గదికి తెర లేదు. మూడు వారములు దీపము వెలుగలేదు."

మేము క్షమింపుమంటిమి. ఆయన కొంతసేపు జింకలను చూచుచు నుండి, "నాకు గది దొరకినది, నాకిపుడు కొదవ లేదు. జనవరిలో క్రొత్తగ వచ్చినవారికి దొరకలేదు. ఈమారు మీ గది ఖాళీయైనప్పుడు ఫోనులో మొట్టమొదట ఏమని యడుగుదురో, నాకు అదియే కావలెను" అనెను. అంతే. మరల ఆ మాట ఎత్తలేదు. దిగివచ్చునపుడు మా కాలు బురదలో జారగా చేయిపట్టి ఆపినవాడు ఆయనయే.

సోదరులారా, మేము ఆ రాత్రి ఎమీ బుల్లర్ కథను మరల తలచుకొంటిమి. మన కులసంఘములను హిట్లరు దండుతో పోల్చుట మా యుద్దేశము గాదు. అట్టి పోలిక అన్యాయము. కాని ఒక్కటి మాకు స్పష్టమైనది. మేము చెడ్డవారమై ఆ గదిని మూయలేదు. మావారిని మేము ప్రేమించుచున్నామను నమ్మకముతోనే మూసితిమి. ఎవరును మమ్ము ప్రశ్నింపని యింట, అందరును మావారే యైన యింట కూర్చుండినంతవరకు ఆ తప్పు మాకు కానరాలేదు. లండన్ మహానగరమున లోకమంతయు నుండగా, మేము ఐదు మాసములు మా ఊరినే కట్టుకొని కాపురముంటిమి. ఇతరుల నడుమ రెండు రాత్రులు గడుపగనే కన్ను తెరువబడినది. విదేశవిద్యకు మీరు వెచ్చించు ద్రవ్యములో ఎక్కువ ఫలము తరగతిగదిలో దొరకునో, ఇట్టి వలయములో దొరకునో మేము చెప్పజాలము. రెండవది లేనిచో మొదటిది కుంటిది యని మాత్రము చెప్పగలము.

ఆదివారము మధ్యాహ్నము బస్సెక్కితిమి. ఈస్ట్ హామ్ చేరి జరిగినదంతయు మా యింటివారికి చెప్పితిమి. ఇద్దరు తలలు వంచిరి. ఒకరు వాదించిరి. ఏప్రిలులో గది యొకటి ఖాళీయైనది. "మనవారికి మాత్రమే" అను మాట లేకుండ ప్రకటన వ్రాసితిమి. వాదించినవారు అలిగి వేఱొక యింటికి పోయిరి. అందుచే రెండు గదులు ఖాళీయైనవి. కేరళమునుండి వచ్చిన ఒక యువకుడు, శ్రీకాకుళమునుండి వచ్చిన మఱొకడు చేరిరి. వారి కులమేమో మేమడుగలేదు. ఇల్లు కూలిపోలేదు, అద్దె ఆగిపోలేదు. ఆదివారము పంక్తిలో మా ఖమ్మము మిత్రుడు తన కారప్పొడితో వచ్చి కూర్చుండెడివాడు. ఇది గొప్ప త్యాగమని చెప్పుకొనుటకు గాదు. అక్టోబరులో చేయవలసిన పనిని ఏప్రిలులో చేసితిమి, అంతియే.

"కులసంఘము తన పిల్లలను చూచుకొనుట తప్పా?" అని పెద్దలడుగవచ్చును. తప్పు గాదు. ప్రభుత్వము కన్నెత్తి చూడని కాలమున కులసంఘములే బడులును, వసతిగృహములును కట్టినవి. ఐతే ఆ దారిలో ముందు నడచినవారి పోకడను చూడుడు. కొల్హాపురము నేలిన శాహూ మహారాజు 1901లో మరాఠా విద్యార్థులకు వసతిగృహము నెలకొల్పెను. తనవారికి పెట్టి ఊరకుండలేదు. ముస్లిములకు, జైనులకు, లింగాయతులకు, అస్పృశ్యులనబడినవారికి గూడ వసతిగృహములు ఏర్పడునట్లు తోడ్పడెను. అంబేడ్కరుగారు 1913లో అమెరికాకు పోయినది బరోడా మహారాజగు సయాజీరావు గైక్వాడు విద్యార్థివేతనముతో. ఆయన 1916లో లండన్ చేరి, వేతనపు గడువు తీరుటచే 1917లో చదువు నడుమ తిరిగిరావలసి వచ్చెను. 1920లో మరల పోవునపుడు తాను కూడబెట్టిన జీతమునకు శాహూ మహారాజు సాయమును, ఒక పారసీ మిత్రుని అప్పును తోడయ్యెను. ఆయన 1921, 1922 సంవత్సరములలో బసచేసిన ఇల్లు లండన్‌లో ప్రింరోజ్ హిల్ ప్రాంతమున నేటికిని కలదు. 2015లో మహారాష్ట్ర ప్రభుత్వము దానిని కొన్నది. మేము ఆ యింటిముందు నిలిచి చూచితిమి. సాయము చేసిన మువ్వురిలో ఒక్కరును ఆయన కులమువారు గారు. "మనవారికి మాత్రమే" అని ఆ మువ్వురును తలుపు మూసియున్నచో, మన దేశము పోగొట్టుకొనునది ఎంతయో ఊహింపుడు!

కావున మహాసభవారి ముందు మూడు విన్నపములు ఉంచుచున్నాము.

మొదటిది: విద్యానిధి సాయముతో విదేశమునకు పోవు ప్రతి విద్యార్థియు, పరదేశమున ఇల్లు, గది, భోజనము ఇచ్చిపుచ్చుకొనునపుడు కులమడుగనని వ్రాసియిచ్చి పోవలెను. ఋణపత్రముపై చేయు సంతకము ప్రక్కనే ఈ సంతకమును చేయింపుడు. దీనికి సంఘమునకు కాసు ఖర్చు లేదు.

రెండవది: మన వసతిగృహ విద్యార్థులను, ఊరిలోని ఇతర సంఘముల, ప్రభుత్వ వసతిగృహముల విద్యార్థులతో కలిపి ఏడాదికొకమారు రెండు దినములు ఊరి వెలుపల ఉంచవలెను. రాజభవనమక్కరలేదు, మామిడితోట చాలును, వేసవి సెలవులలోని బడి చాలును. ఉపన్యాసములు తక్కువగను, ప్రశ్నలు ఎక్కువగను ఉండవలెను. చీట్లు తీసి గదులు పంచవలెను. ఫోనులకు ఒక బుట్ట కావలెను. రాబోవు కార్తికమున మన వనభోజనపు పందిరిని విప్పి, ఆ ఖర్చుతోనే దీనిని జరుపవచ్చును. బాలికలకును ఇందు సమాన స్థానమీయవలెను.

మూడవది కొంత కష్టమైనది. విద్యానిధినుండి ప్రతియేట ఒక్క విద్యార్థికైనను, కులము చూడక, నిధి లేని కులమునుండి ఎన్నుకొని సాయము చేయవలెను. కొందరు పోషకులు, "మా తండ్రులు మనవారికొరకు ఇచ్చిన సొమ్మిది" అందురు. వారి మాట న్యాయమైనదే. అందుచే పాత నిధిని తాకవద్దు. క్రొత్త చందాలతో వేఱొక చిన్న ఖాతా తెరువుడు. దానికి మొదటి చందాగా, మేము విద్యానిధికి తీర్చవలసిన ఋణమును తీర్చి ముగించిన పిమ్మట, మా మొదటి నెల మిగులును నేడు ఈ వేదికపై సమర్పించుచున్నాము. ఆ రెండు దినముల కూలి, పదివేల రూపాయలు, దానితో చేర్చితిమి. అది పోయినదని నాడు విచారించితిమి. ఇన్నాళ్లకు దానికి తగిన చోటు దొరకినది.

మా మిత్రుడు నేడు మన రాష్ట్రముననే ఉద్యోగము చేయుచున్నాడు. ఈ ఉపన్యాసమును ముందుగ ఆయనకు చదివి వినిపించి, అనుమతి పొందియే మీ ముందుకు వచ్చితిమి. "పేరు వద్దు, గది సంగతి మాత్రము చెప్పుడు" అనెను. చెప్పితిమి.

 మీరు మా చేతికిచ్చిన దీపమును ఖాళీ గదిలో గూడ వెలిగింపుమని ఆశీర్వదింప ప్రార్థించుచు విరమించుచున్నాము.